పద్దెనిమిదిన్నర సెకన్లు: రేస్ పేస్ ఇంటర్వెల్స్ ఎలా చేయాలి

విజయనగరంలో నా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లల్ని మొదటి రోజు ఒకటే అడుగుతాను. "నీ 100 మీటర్ల ఫ్రీస్టైల్ టైమ్ ఎంత?" దాదాపు అందరూ టక్కున చెప్పేస్తారు. "ఆ టైమ్ రావాలంటే ఒక్కో 25 మీటర్లు ఎన్ని సెకన్లలో ఈదాలి?" అంటే మాత్రం నీళ్లు నములుతారు. రోజుకి అరవై, డెబ్బై ల్యాపులు కొట్టే పిల్లలే. అందులో ఒక్క ల్యాపుకీ లెక్క ఉండదు.

చిన్నప్పుడు నేనూ అలాగే ఈదాను. నేను నేర్చుకున్న చోట రోజూ రెండున్నర కిలోమీటర్లు ఒకే నడకన ఈదించేవారు. ఒళ్లు హూనమయ్యేది, బాగా కష్టపడ్డామన్న తృప్తి ఉండేది. మీట్‌కి వెళ్తే మొదటి 50 మీటర్లు అందరితో సమానంగా ఉండి, 75 దాటేసరికి చేతులు కర్రల్లా బిగుసుకుపోయేవి. పక్క లేన్‌లో వాడి కాళ్ల నురగ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఇంకా ఎక్కువ ఈదాలేమోననుకుని మరో అర కిలోమీటరు పెంచుకున్నాను. తేడా రాలేదు. రేసులో ఏ వేగం కావాలో ఆ వేగంతో నేను వారం మొత్తమ్మీద ఐదు నిమిషాలైనా ఈదడం లేదన్న సంగతి చాలా ఏళ్లకి గాని తెలియలేదు.

మీ వయసు పన్నెండు దాటి, ఏదో ఒక స్ట్రోక్ (ఈత తీరు) సరిగ్గా వచ్చి, 200 మీటర్లు ఆగకుండా ఈదగలిగితే రేసు వేగంతో చిన్న చిన్న ముక్కలు ఈదే ఈ రేస్ పేస్ ఇంటర్వెల్స్ పద్ధతి మీరు రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఇంకా చిన్నపిల్లలైతే వాళ్లకి ఈ గడియారం గోల వద్దు. స్ట్రోక్ నేర్చుకోనివ్వండి, నీళ్లలో ఆడుకోనివ్వండి.

అసలు పద్ధతి

రేసు దూరాన్ని చిన్న ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కనీ రేసులో ఈదవలసిన వేగంతోనే ఈదాలి. పదిహేను ఇరవై సెకన్లు ఆగి మళ్లీ బయల్దేరాలి. వేగం నిలబడనప్పుడు ఆపేయాలి. ఇంతే సంగతి. అమెరికాలో శాన్ డియేగో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రెంట్ రషాల్ దీన్ని అల్ట్రా షార్ట్ రేస్ పేస్ ట్రైనింగ్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. దీని వేర్లు మాత్రం ఇంకా పాతవి. 1960లో స్వీడన్ శాస్త్రవేత్తలు పరుగు మీద, సైకిల్ మీద ప్రయోగాలు చేశారు. ఏకధాటిగా పరిగెడితే కొద్ది నిమిషాల్లోనే కూలబడిపోయే వేగం ఉంటుంది కదా, అదే వేగాన్ని కొన్ని సెకన్ల పరుగు, కొన్ని సెకన్ల విరామం అన్నట్టు తుంచి పరిగెత్తిస్తే మనిషి చాలా ఎక్కువసేపు తట్టుకున్నాడు. గట్టిగా శ్రమపడినప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ కూడా పెద్దగా పెరగలేదు.

కండరంలో అప్పటికప్పుడు వాడుకోవడానికి కొంచెం ఇంధనం, కొంచెం ఆక్సిజన్ నిలవ ఉంటాయి. చిన్న ముక్క ఈదితే ఆ నిలవ పూర్తిగా ఖాళీ కాదు. ఆగిన పదిహేను సెకన్లలో మళ్లీ కొంత నిండుతుంది. అందుకే 100 మీటర్ల రేసు వేగంతో ఒక్క పట్టున 100 మాత్రమే ఈదగలిగే మనిషి, అదే వేగంతో ముక్కలుగా 500, 600 మీటర్లు ఈదగలుగుతాడు.

రెండో కారణం నా దృష్టిలో ఇంకా పెద్దది. మన వైపు తప్పెటగుళ్లు ఆడేవాళ్లని చూడండి. నెమ్మది దరువుకి పడే అడుగు వేరు, దరువు ఊపందుకున్నాక పడే అడుగు వేరు. నెమ్మది అడుగు ఎంత బాగా వచ్చినా జాతరలో అది చాలదు. ఈత కూడా అంతే. తాపీగా ఈదేటప్పుడు చెయ్యి నీటిని పట్టుకునే చోటు, కాళ్లు ఆడే లయ, ఊపిరి తీసుకునే క్షణం అన్నీ వేరుగా ఉంటాయి. రేసు వేగంలో అవన్నీ మారిపోతాయి. మారిన ఆ స్ట్రోక్‌ని రోజూ కొన్ని వందల మీటర్లు ఈదితేనే అది ఒంటికి పడుతుంది.

ముందు టేపు తెచ్చుకోండి

పూల్ బోర్డు మీద 25 మీటర్లని రాసి ఉన్నా సరే, మీరే ఒకసారి కొలవండి. ఇళ్ల స్థలాలు కొలిచే 30 మీటర్ల టేపు ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. గట్టు మీద బిగువుగా పరిచి, లోపలి గోడ అంచు నుంచి ఎదుటి గోడ అంచు వరకు చూడండి. చిన్న ఊళ్లలో, స్కూళ్లలో, రిసార్టుల్లో కట్టే పూళ్లు అన్నీ పోటీల కొలతలకి ఉండవు. 25 గజాల లెక్కన కట్టినదైతే పొడవు 23 మీటర్ల లోపే వస్తుంది. అలాంటి పూల్‌లో టైమ్ చూసి మురిసిపోయి మీట్‌కి వెళ్తే, అక్కడ టైమ్ పడిపోయిందని పిల్లలు బెంబేలెత్తిపోతారు. నిజానికి పడిపోయింది ఏమీ లేదు, గోడ రెండు మీటర్లు ముందుంది.

పొడవు ఏదైనా ఫర్వాలేదు. అసలు పొడవు తెలిస్తే చాలు, లెక్క వేసుకోవచ్చు.

మీ పేస్ లెక్క

ఇప్పుడున్న మీ బెస్ట్ టైమ్ కాదు, వచ్చే మీట్‌లో మీకు కావలసిన టైమ్ తీసుకోండి. ఆశ ఉండాలి గాని అత్యాశ వద్దు. 100 మీటర్లకి ఒకటి నుంచి మూడు సెకన్ల తగ్గుదల వరకే పెట్టుకోండి.

ఇక్కడ డైవ్ సంగతి చూసుకోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా స్విమ్మర్ పాన్ ఝాన్లే 100 ఫ్రీస్టైల్‌ని 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు సృష్టించాడు. అందులో మొదటి 50 మీటర్లు 22.28, రెండో 50 మీటర్లు 24.12. తేడా 1.84 సెకన్లు. అలసట వాటా కొంత ఉన్నా, డైవ్ వాటా అందులో పెద్దది. మన ఇంటర్వెల్స్‌లో డైవ్ ఉండదు, గోడని తన్ని బయల్దేరతాం. కాబట్టి టార్గెట్ టైమ్‌కి రెండు సెకన్లు కలిపి, దాన్ని నాలుగుతో భాగించండి. 1 నిమిషం 12 సెకన్లు కావాలంటే 74ని నాలుగుతో భాగిస్తే 18.5. ఒక్కో 25కి మీ పేస్ అది.

మీరు 25 మీటర్ల పూల్‌లో ప్రాక్టీస్ చేస్తూ విశాఖలాంటి చోట 50 మీటర్ల పూల్‌లో రేసుకి వెళ్తుంటే మాత్రం ఆ రెండు సెకన్లు కలపకండి. పొడవైన పూల్‌లో గోడ తన్నే అవకాశాలు తక్కువ కాబట్టి టైమ్ ఎలాగూ పెరుగుతుంది, ఆ లెక్కా ఈ లెక్కా దాదాపు సరిపోతాయి. 1 నిమిషం 14 సెకన్ల టార్గెట్‌ని నేరుగా నాలుగుతో భాగిస్తే మళ్లీ అదే 18.5 వస్తుంది.

మీ పూల్ పొడవు 24.2 మీటర్లు అనుకోండి. 18.5ని 24.2తో గుణించి 25తో భాగించండి. 17.9 వస్తుంది. మీ పూల్‌లో మీ పేస్ 17.9. దాన్ని నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి.

గడియారం

పెద్ద పూళ్లలో గోడకి పేస్ క్లాక్ ఉంటుంది. మనకి లేకపోతే సెకన్ల ముల్లు దూరానికి కూడా కనిపించే గోడ గడియారం ఒకటి గట్టు మీద కుర్చీకి ఆనించి పెట్టండి. బయల్దేరే టైమ్‌కి అది చాలు. ఈదిన టైమ్‌కి మాత్రం ఎవరో ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుంటే మంచిది. పిల్లల్ని దింపడానికి వచ్చే నాన్నలు గంటసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు కదా, ఆ ఫోన్‌లోనే స్టాప్‌వాచ్ పెట్టి వాళ్లకే పని చెప్పండి. ఒక్క సూచన చేయండి: టైమ్ చదివి చెప్పడం వరకే వాళ్ల పని. "ఇంకా గట్టిగా" అనడం, మొహం చిట్లించడం వద్దు.

18.5 సెకన్ల ఈత, పదహారున్నర సెకన్ల విరామం కలిపితే 35 సెకన్లకి ఒక సైకిల్ అవుతుంది. ముల్లు 12 మీద ఉన్నప్పుడు మొదటిది బయల్దేరితే ఆ తర్వాతవి 35, 10, 45, 20, 55, 30, 5, 40, 15, 50, 25 సెకన్ల దగ్గర వస్తాయి. ముల్లు మళ్లీ 12కి వచ్చేసరికి పన్నెండు రిపీట్లు (ఈదిన ఒక్కో ముక్క ఒక రిపీట్), ఏడు నిమిషాలు పూర్తయినట్టు. లెక్క తప్పిపోతున్నామన్న గొడవ ఉండదు.

వార్మప్

400 నుంచి 600 మీటర్లు తేలిగ్గా ఈదండి. అందులో కొంత కిక్ (కాళ్లతో మాత్రమే ఈత), కొంత మీ స్ట్రోక్. ఆఖర్న నాలుగు 25లు, ఒకదానికంటే ఒకటి వేగంగా. నాలుగోది మీ పేస్‌కి రావాలి. రెండు నిమిషాలు ఆగి సెట్, అంటే రిపీట్ల వరస, మొదలుపెట్టండి.

సెట్

100 మీటర్ల స్విమ్మర్‌కి 25 మీటర్లవి ముప్ఫై రిపీట్లు. ముప్ఫైకి ముప్ఫై చేయాలని కాదు. ముప్ఫై అన్నది ఆకాశం. చాలామంది మొదటి వారం పది, పన్నెండు దగ్గర ఆగుతారు. అది సహజం.

ముల్లు గీత మీదకి రాగానే బయల్దేరాలి. అర సెకను ముందు కాదు, వెనక కాదు. రేసులో నీళ్లకింద ఎంత దూరం గ్లైడ్ చేస్తారో ఇక్కడా అంతే. రేసులో ఎన్ని స్ట్రోకులకి (చెయ్యి ఎన్నిసార్లు తిప్పితే) ఊపిరి తీసుకుంటారో ఇక్కడా అన్నిటికే. మొదటి రెండు మూడూ మహా తేలిగ్గా అనిపిస్తాయి. 17.2 కొట్టేస్తారు. అది తప్పు. పేస్ 18.5 అంటే 18.3 నుంచి 18.5 మధ్యే ఉండాలి. ముందు ఎక్కువ ఖర్చు పెట్టేస్తే ఆ బాకీ ఎనిమిదో రిపీట్ దగ్గర తీర్చాల్సి వస్తుంది.

ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్ ఈదేవాళ్లకి ఇంకొక మాట. చెయ్యి గోడకి తగిలించి ఆగిపోకండి. టర్న్ తిరిగి, పాదాలు గోడకి తగిలిన క్షణాన్ని ముగింపుగా లెక్కించండి. రోజుకి పాతిక టర్న్‌లు రేసు వేగంలో ఊరికే ప్రాక్టీస్ అయిపోతాయి. సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి, కళింగపట్నం వైపు నుంచో చింతపల్లి వైపు నుంచో వచ్చే పిల్లల భుజాల్లో ఉండే బలం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కాని అలని చూసుకోవడానికి తల పైకెత్తి ఈదే అలవాటు, గోడ అంటే తెలియకపోవడం, ఈ రెండే పూల్‌లో వాళ్లని వెనక్కి లాగుతాయి. ఈ సెట్ ఆ రెండిటినీ చాలా త్వరగా సరిచేస్తుంది, ఎందుకంటే తల ఎత్తిన ప్రతిసారీ గడియారం చెప్పేస్తుంది. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై వాళ్లు రెండు చేతులూ ఒకేసారి గోడకి తగిలించాలి, రేసులో లాగే.

నా దగ్గర ఈదే తొమ్మిదో తరగతి అమ్మాయి నోట్‌బుక్‌లో ఒక పేజీ చెప్తాను. 50 మీటర్ల పూల్‌లో 1 నిమిషం 14 సెకన్లు తన టార్గెట్, బెస్ట్ 1 నిమిషం 16.4 సెకన్లు. పేస్ 18.5. మొదటి ఆరూ 18.3, 18.4 మధ్య, ల్యాపుకి 17 స్ట్రోకులు. ఏడోది 18.4, కాని స్ట్రోకులు 18. ఎనిమిదోది 18.5, స్ట్రోకులు 19. గట్టు మీద నేను స్టాప్‌వాచ్ కంటే స్ట్రోకులే ఎక్కువ చూస్తాను. టైమ్ ఇంకా నిలబడే ఉంది, కాని మోచెయ్యి కిందకి జారిపోతోంది, నీళ్లు వేళ్ల సందుల్లోంచి పోతున్నాయి, ఆ లోటు పూడ్చడానికి చేతులు ఎక్కువసార్లు తిప్పుతోంది. తొమ్మిదోది 18.9, స్ట్రోకులు 20. తప్పింది.

తప్పినప్పుడు ఏం చేయాలి

ఇది చదివి మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ భాగం మాత్రం గుర్తుంచుకోండి.

పేస్ తప్పితే తర్వాతి రిపీట్ వదిలేయండి. గోడ పట్టుకుని ఊపిరి తీసుకోండి. ఆ తర్వాతిదానికి మళ్లీ బయల్దేరండి. వరసగా రెండు తప్పినా, మొత్తంగా మూడు తప్పినా సెట్ అయిపోయినట్టే. ఇక నీళ్లలోంచి బయటికి రావాలి, లేకపోతే తేలిగ్గా ఈదుతూ ఒళ్లు సడలించుకోవాలి. నాలుగోసారి ప్రయత్నించకూడదు.

ఆ అమ్మాయి పదోది వదిలేసింది. 11 నుంచి 14 వరకు పేస్‌లోనే వచ్చాయి. 15 తప్పింది, 16 వదిలింది, 17, 18 వచ్చాయి, 19 తప్పింది. మూడోది. చెయ్యి పైకెత్తి ఆపమన్నాను. "ఏటి సార్, ఊపిరి బాగానే ఉంది కదా, ఆపేయమంటారేటి? ఇంకో పది కొడతాను" అంది. "కొడతావమ్మా, ఎంతలో కొడతావు?" అన్నాను. గట్టు మీద నోట్‌బుక్ వైపు చూసి, ఏమీ అనకుండా మెట్లెక్కి వచ్చేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, పూల్ నీళ్లని తుడుచుకున్నట్టు తుడుచుకుంది.

ఆపడం పిల్లలకి చాలా కష్టం. మనకి చిన్నప్పటి నుంచి నూరిపోసింది వదలకుండా చేయడమే కాబట్టి, మధ్యలో ఆపితే ఓడిపోయినట్టనిపిస్తుంది. వాళ్లకి నేను వెయిట్‌లిఫ్టింగ్ గుర్తుచేస్తాను. మన రెండు జిల్లాలకీ ఆ ఆట అంటే ప్రాణం. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషిది విజయనగరం దగ్గర కొండవెలగాడ. బార్‌ని తల మీదకి ఎత్తాక మోచెయ్యి వంగి మళ్లీ నిటారైతే జడ్జీలు ఎర్ర లైటు వేస్తారు. బరువు పైకి వెళ్లింది కదా అంటే కుదరదు. 18.9 కూడా ఎర్ర లైటే. దాన్ని చేస్తూ పోతే, జారిన మోచెయ్యినీ ఇరవై స్ట్రోకుల ల్యాపునీ ప్రాక్టీస్ చేస్తున్నట్టు. రేసు ఆఖరి 25లో ఒళ్లు వెతుక్కునేది అదే.

ఊపిరి బాగున్నా పేస్ పోవచ్చని కూడా ఆ అమ్మాయి మాటల్లోనే ఉంది. ముందు అలిసిపోయేది చేతుల కదలికలోని పొందిక, ఊపిరి కాదు. అది ఒక రోజులో కోలుకుంటుంది. గుడ్డిగా ఇంకో పదిహేను కొడితే మూడు రోజులు పడుతుంది.

నోట్‌బుక్

ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన చిన్న నోట్‌బుక్ చాలు. ప్రతి సెట్‌కీ రాయాల్సినవి నాలుగే: తేదీ, పేస్, మొదటిసారి ఎన్నో రిపీట్‌లో తప్పింది, మొత్తం పేస్‌లో వచ్చినవి ఎన్ని. ఆ అమ్మాయి మొదటి పేజీలో 9, 14 అని ఉంటుంది. మూడు వారాలకి 13, 21 అయింది. ఆ మధ్య ఒక రోజు 6, 9 కూడా ఉంది. ముందురోజు రాత్రి మేనమామ పెళ్లిలో పన్నెండు దాకా మేలుకుందట. అదీ రాయించాను.

మొదటిసారి తప్పడం ఇరవై దాటితే పేస్ మార్చే సమయం వచ్చినట్టు. ఒక్కో 25కి 0.2 సెకన్లు తగ్గించండి, అంతకన్నా ఎక్కువ వద్దు. నాలుగు ముక్కలకి కలిపితే అదే 0.8 సెకన్లు. తగ్గించిన రోజు లెక్క మళ్లీ పదికో పన్నెండుకో పడిపోతుంది. కంగారు పడొద్దు.

మిగతా దూరాలు

200 మీటర్లకి 50 మీటర్ల ముక్కలు, ఇరవై సెకన్ల విరామం, ఇరవై రిపీట్లు. 2 నిమిషాల 40 సెకన్లు కావాలంటే రెండు కలిపి 162, నాలుగుతో భాగిస్తే 40.5. నిమిషానికి ఒకటి చొప్పున బయల్దేరవచ్చు, గడియారం చూడటం కూడా సులువు. 200 వాళ్లకి నేను సజన్ ప్రకాశ్ లెక్క చెప్తాను. 2021లో రోమ్‌లో 200 బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత టైమ్ సాధించిన మొదటి భారత స్విమ్మర్ అయ్యాడు. భాగిస్తే ఒక్కో 50కి సగటున 29.1 సెకన్లు. బటర్‌ఫ్లైలో, ఆగకుండా నాలుగుసార్లు.

400కి 50 లేదా 75 మీటర్లు, ఇరవై సెకన్లు. 50 మీటర్ల స్ప్రింట్‌కి 25 కూడా పొడవే. 12 నుంచి 15 మీటర్ల వరకే పూర్తి వేగంతో ఈది, అరనిమిషం ఆగి మళ్లీ చేయాలి. లేన్ తాడు మీద ఎర్ర గుడ్డ కట్టి గుర్తు పెట్టుకోండి.

వారంలో ఎన్నిసార్లు

మొదటి నెల మూడు రోజులు. ఒకే సెట్‌ని వరసగా రెండు రోజులు చేయకండి, మధ్యలో ఒక రోజు ఎడం ఉండాలి. అలవాటయ్యాక ఒకే పూటలో రెండు వేర్వేరు సెట్లు పెట్టుకోవచ్చు, 100 ఫ్రీస్టైల్ ఒకటి, 100 బ్యాక్‌స్ట్రోక్ ఒకటి. రెండిటి మధ్య పది నిమిషాలు తేలిగ్గా ఈదండి. మిగిలిన రోజుల్లో డైవ్‌లు, టర్న్‌లు, డ్రిల్స్, తీరిగ్గా ఈత. ఇంటర్వెల్స్ వచ్చాయి కదా అని డైవ్‌ని వదిలేస్తే రేసు డైవ్ కొట్టే బ్లాక్ దగ్గరే పోతుంది.

మన పూళ్లలో ఇది ఎలా కుదురుతుంది

మనకి ఉన్నది గంట బ్యాచ్. అందులో ఈత నేర్చుకునే పిల్లలు, బరువు తగ్గడానికి వచ్చే పెద్దవాళ్లు, అందరూ ఉంటారు. ఈ సెట్‌కి పట్టేది పదిహేడున్నర నిమిషాలే. లైఫ్‌గార్డ్‌ని ముందే అడిగి, గోడ పక్క లేన్ ఇరవై నిమిషాలు ఖాళీగా ఉంచమనండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. ముగ్గురు నలుగురు స్విమ్మర్లు ఒకే లేన్‌లో ఐదేసి సెకన్ల ఎడంతో బయల్దేరవచ్చు, వేగంగా ఈదేవాళ్లు ముందు. గోడ చేరినవాళ్లు వెంటనే పక్కకి జరిగి వెనక వాళ్లకి చోటివ్వాలి.

నాగావళిలో, చెరువులో, సముద్రంలో ఈ సెట్ చేయొద్దు. గోడ లేదు, దూరం తెలియదు, ప్రవాహం లెక్క తప్పిస్తుంది, అన్నిటికన్నా ముందు ప్రమాదం.

ఏప్రిల్, మే నెలల్లో పైకప్పు లేని పూళ్ల నీళ్లు సాయంత్రానికి గోరువెచ్చగా అయిపోతాయి. పోటీలకి నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం. అంతకంటే వెచ్చని నీళ్లలో గట్టిగా ఈదితే ఒంటి వేడి బయటికి పోదు, తల తిరుగుతుంది. కాబట్టి ఎండాకాలం సెట్లన్నీ పొద్దున్నే. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, అది తెలియదు అంతే. గట్టు మీద నీళ్ల సీసా ఉండాలి. బయల్దేరే ముందు ఒక అరటిపండు, ఈత అయ్యాక చోడి (రాగి) అంబలి, ఆ పైన గుడ్డు లేదా పప్పు. మా పిల్లలకి ఇంతకంటే ఏమీ పెట్టను. డబ్బా పౌడర్లు కొనమని ఏ తల్లిదండ్రులకీ చెప్పను.

భుజం ముందు భాగంలో గుచ్చినట్టు నొప్పి వస్తే, అది అలసట కాదు. ఆ రోజు సెట్ మానేసి కిక్ మాత్రమే చేయండి. మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

ఈ పద్ధతి ఎంతవరకు

అందరు కోచ్‌లూ దీన్ని ఒప్పుకోరు. దీనితోనే పెరిగి పేరు తెచ్చుకున్నవాడు అమెరికా స్విమ్మర్ మైకేల్ ఆండ్రూ. తండ్రే కోచ్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మెడ్లీ రిలేలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. అదే ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఇండివిడ్యువల్ మెడ్లీ (ఒక్కరే నాలుగు స్ట్రోకులూ ఈదే రేసు) ఫైనల్లో 150 మీటర్ల దాకా ముందున్నాడు, ఆఖరి 50 ఫ్రీస్టైల్‌లో వెనకబడి ఐదో స్థానానికి జారిపోయాడు. దూరం పెంచి ఈదకపోవడమే కారణమని చాలామంది అన్నారు. ఒక్క రేసుని బట్టి పద్ధతి మొత్తాన్ని తీసిపారేయలేం. కాని 200, 400 ఈదేవాళ్లకి వారంలో ఒకటి రెండు రోజులు పొడవైన, తీరికైన ఈత ఉండాలనే నేను అనుకుంటాను, అలాగే చేయిస్తున్నాను. 50, 100 వాళ్లకి మాత్రం గంట సమయం, ఒక్క లేన్ ఉన్న మన పరిస్థితుల్లో ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

మీట్ దగ్గర పడినప్పుడు

పది రోజుల ముందు నుంచి రిపీట్లు తగ్గించండి, పేస్ మాత్రం మార్చకండి. ముప్ఫై పెట్టుకునే చోట పదహారు, ఆ తర్వాత పన్నెండు. ఒక్కటి కూడా తప్పకముందే ఆపేయండి. ముందురోజు ఆరు నుంచి ఎనిమిది చాలు, అదీ వీలైతే పోటీ జరిగే పూల్‌లోనే. కొత్త పూల్‌లో గోడ ఎంత జారుతుందో, బ్యాక్‌స్ట్రోక్ జెండాల నుంచి గోడకి మీకు ఎన్ని స్ట్రోకులో చూసుకోండి. రేసు రోజు టెన్షన్ ఉంటుంది, ఉండనివ్వండి. బ్లాక్ ఎక్కే ముందు తలచుకోవలసింది మీ అంకె ఒక్కటే.

ఆ అమ్మాయి విశాఖలో 1 నిమిషం 14.7 సెకన్లలో ఈదింది. టార్గెట్‌కి 0.7 ఎక్కువ, పాత బెస్ట్‌కి 1.7 తక్కువ. బస్సులో వచ్చేటప్పుడే నోట్‌బుక్ తీసి 73ని నాలుగుతో భాగిస్తూ కూర్చుంది. రెండు రోజులు పూల్ వైపు రావొద్దని చెప్పాను. మీరూ మీట్ అయ్యాక రెండు రోజులు ఆగండి, మూడో రోజు కొత్త పేజీ మీద కొత్త పేస్ రాసి, వార్మప్ నుంచి మొదలుపెట్టండి.